టెట్రిస్ సరే, మరి పిక్రాస్ సంగతి?

నింటెండో గేమ్‌బాయ్‌లో తీరిక వేళ కాసేపు ఆడుకోవడానికి ఏ ఆట మేలని అడిగితే ఎక్కువమంది తడుముకోకుండా చెప్పే పేరు టెట్రిస్. 1989లో అమెరికాలో ఆ యంత్రం కొన్నవాళ్లకు పెట్టెలోనే ఆ ఆట కూడా వచ్చింది. ఆ జవాబులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. కానీ సూరత్‌లో, ముఖ్యంగా లింబాయత్ లాంటి ప్రాంతాల్లో మరమగ్గాల మీద ఆధారపడి బతుకుతున్న తెలుగు కుటుంబాల పిల్లలకు ఒకే ఒక్క ఆట పరిచయం చేయాల్సి వస్తే మాత్రం ఎంచుకోవలసింది టెట్రిస్‌ను కాదు. 1995లో అదే యంత్రం మీద వచ్చిన 'మారియోస్ పిక్రాస్'ను. ఎందుకంటే ఆ ఆటలో ఉన్న విద్య వాళ్ల ఇళ్లలో ఒకప్పుడు ఉండేది. దాన్ని చదువు అని ఎవరూ అనలేదు, అంతే.

ముందుగా కాలక్షేపపు ఆట అంటే ఏమిటో తేల్చుకోవాలి. బొమ్మలు ముద్దుగా ఉన్నంత మాత్రాన ఆట తేలికైనది కాదు. నిమిషంలో మొదలుపెట్టగలగాలి, పిలుపు వస్తే నష్టం లేకుండా పక్కన పెట్టగలగాలి. సూరత్‌కు ఇంకో రెండు షరతులు కలుపుకోవాలి. మగ్గాల షెడ్డు పక్కన ఇల్లు ఉంటే పక్కవాడి మాట వినపడదు కాబట్టి శబ్దం లేకుండా కూడా ఆట సాగాలి. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, దుకాణం బోర్డు మీద గుజరాతీ కనిపించే ఊరు కాబట్టి ఆట ఏ భాషా అడగకూడదు. ఈ నాలుగు కొలతలూ పెడితే గేమ్‌బాయ్ కోసం వచ్చిన వందల ఆటల్లో చాలావాటిని పక్కన పెట్టేయవచ్చు. 'కిర్బీస్ డ్రీమ్ ల్యాండ్' (1992) చక్కని ఆటే, పెద్దగా కష్టం లేకుండా గంటలోపే పూర్తవుతుంది, కానీ ఒకసారి పూర్తయ్యాక మళ్లీ ముట్టుకోవడానికి పెద్ద కారణం ఉండదు. 'డాక్టర్ మారియో', 'ఆలీవే' కొలతలకు సరిపోతాయి. చివరికి పోటీ మిగిలేది టెట్రిస్‌కీ పిక్రాస్‌కీ మధ్యే.

నిజానికి మన ఊళ్లలో అసలు గేమ్‌బాయ్‌ని చేత్తో పట్టుకున్నవాళ్లు తక్కువ. 1990ల్లో జాతరల్లో, ఎగ్జిబిషన్లలో, బస్టాండు దుకాణాల్లో దొరికింది 'బ్రిక్ గేమ్' అనే చవక వస్తువు. పెన్సిల్ సెల్‌లు వేస్తే పనిచేసేది. దాని మీద '9999 ఇన్ 1' అని ఘనంగా రాసి ఉండేది. లోపల ఉండేవి చేతి వేళ్ల మీద లెక్కపెట్టదగిన ఆటలే. వేగం మార్చి, మెట్టు మార్చి ఒక్కోదాన్నీ కొత్త అంకెగా చూపించేవారు. 10 అడ్డం, 20 నిలువు గళ్ల తెర మీద అన్నిటికన్నా ఎక్కువ ఆడింది టెట్రిస్ నకలునే. కాబట్టి 30, 40 ఏళ్ల వయసున్న తెలుగువారిలో చాలామందికి టెట్రిస్ తెలుసు, ఆ పేరు తెలియకపోయినా.

గేమ్‌బాయ్ వెనక ఉన్న ఆలోచన మాత్రం తెలుసుకోదగ్గది. దాని రూపకల్పన బృందానికి పెద్ద గున్‌పే యోకోయి. నింటెండోలో ఆయన మొదటి ఉద్యోగం యంత్రాల మరమ్మతు. సరికొత్త సాంకేతికత వెంట పరుగెత్తకుండా, పాతబడి చవకైపోయిన దాన్ని ఎవరూ ఊహించని చోట వాడాలన్నది ఆయన పద్ధతి. గేమ్‌బాయ్ తెరకు రంగుల్లేవు, వెనక దీపం లేదు, నాలుగు ఛాయలు మాత్రమే. నిలువు 144, అడ్డం 160 చుక్కలు. ప్రాసెసర్ వేగం 4.19 మెగాహెర్ట్జ్. అదే కాలంలో అటారీ లింక్స్, ఆ తరువాత సెగా గేమ్ గేర్ రంగుల తెరతో వచ్చాయి. వాటికి ఆరు బ్యాటరీలు కావాలి, అవీ కొద్ది గంటల్లో అయిపోయేవి. గేమ్‌బాయ్ నాలుగు బ్యాటరీలతో పది గంటలకు పైగా నడిచేది. వెనక దీపం లేని తెర బయటి వెలుతురునే తిప్పి కొడుతుంది కాబట్టి విద్యుత్తు ఖర్చు తక్కువ. మధ్యాహ్నపు ఎండలో మొబైల్ తెర వెలవెలబోతే గేమ్‌బాయ్ తెర మరింత స్పష్టంగా కనిపిస్తుంది. భౌతికశాస్త్ర పాఠంలో పరావర్తనం గురించి చెప్పే ఉపాధ్యాయులకు ఇంతకంటే సులువైన ఉదాహరణ దొరకదు.

టెట్రిస్‌కు ఇవ్వాల్సిన గౌరవం

అలెక్సీ పజిత్నోవ్ 1984లో మాస్కోలోని సోవియట్ సైన్స్ అకాడమీ కంప్యూటింగ్ కేంద్రంలో ఈ ఆట రాశారు. నాలుగు గళ్లతో చేయగల ముక్కలు ఏడు. అవి పైనుంచి పడుతుంటే వరుసలు నింపాలి. ఇక్కడ భౌతికశాస్త్రం చదివినవాళ్లకు ఒక చిన్న చిరాకు: పడే వస్తువు వేగం పెరుగుతూ పోవాలి కదా, టెట్రిస్ ముక్క మాత్రం పై నుంచి కింది వరకూ ఒకే వేగంతో దిగుతుంది. గెలీలియో చూస్తే ఒప్పుకోడు. కానీ ఆ అబద్ధమే ఆటను ఆడదగ్గదిగా చేసింది.

గణితం మాత్రం నిఖార్సయినది. ఏడు ముక్కలకూ కలిపి 28 గళ్లు. వాటితో 4 వరుసలు, 7 నిలువుల పెట్టెను ఖాళీ లేకుండా నింపగలరా? గళ్ల కాగితం తీసుకుని చదరంగం బల్లలా నలుపు తెలుపు వేయండి. 14 నలుపు, 14 తెలుపు వస్తాయి. ఏడింటిలో ఆరు ముక్కలు ఎక్కడ పెట్టినా రెండు నలుపు, రెండు తెలుపు గళ్లను కప్పుతాయి. 'టీ' ఆకారపు ముక్క ఒక్కటే ఒక రంగువి మూడు, రెండో రంగుది ఒకటి కప్పుతుంది. అంటే మొత్తం 15, 13 అవుతాయి తప్ప 14, 14 ఎప్పటికీ కావు. నింపడం అసాధ్యం. వెయ్యిసార్లు ప్రయత్నించి విఫలమవడం వేరు, ఒక్కసారి ఆలోచించి అసాధ్యమని తేల్చడం వేరు. ఆ తేడా ఏడో తరగతి పిల్లలకు పది నిమిషాల్లో అందుతుంది.

ఈ ఆట పరిశోధకులనూ ఆకర్షించింది. 1993లో వ్యోమగామి అలెక్సాండర్ సెరెబ్రోవ్ తన గేమ్‌బాయ్‌ని, టెట్రిస్‌ని మీర్ అంతరిక్ష కేంద్రానికి తీసుకెళ్లారు. 2000లో రాబర్ట్ స్టిక్‌గోల్డ్ బృందం ప్రచురించిన అధ్యయనంలో, ఆట ఆడిన సంగతే గుర్తులేని మతిమరుపు రోగులకు కూడా నిద్ర పట్టే వేళ పడిపోతున్న ముక్కలు కనిపించాయి. బాధాకరమైన దృశ్యాలు చూసిన కాసేపటికి టెట్రిస్ ఆడినవాళ్లను ఆ దృశ్యాలు తక్కువగా వెంటాడాయని 2009లో ఎమిలీ హోమ్స్ బృందం చూపింది.

వీటిని చూసి టెట్రిస్ ఆడితే తెలివి పెరుగుతుందని ప్రచారం చేసేవారికి 2002లో సిమ్స్, మేయర్ చేసిన అధ్యయనం గుర్తు చేయాలి. టెట్రిస్‌లో ఆరితేరినవాళ్లు ఆకారాలను మనసులో తిప్పి చూడటంలో ముందున్నారు, కానీ టెట్రిస్ ముక్కల్లాంటి ఆకారాల విషయంలోనే. ఆట నేర్పేది ఆ ఆటలో ఉన్నదాన్నే. కాబట్టి అడగాల్సింది ఆట మెదడును పదును పెడుతుందా అని కాదు, ఆటలో ఉన్నది నేర్వదగినదేనా అని. పిక్రాస్ ముందుకు వచ్చేది ఇక్కడే.

అంకెలతో బొమ్మ

పిక్రాస్ అన్నది నింటెండో పెట్టిన పేరు. దాని అసలు రూపం కాగితం మీది నోనోగ్రామ్. 1980ల చివర్లో జపాన్‌లో పుట్టింది. గళ్ల పట్టిక ఉంటుంది. ప్రతి అడ్డు వరుస పక్కనా, ప్రతి నిలువు వరుస నెత్తినా కొన్ని అంకెలుంటాయి. '4 5' అని ఉంటే ఆ వరుసలో వరుసగా నాలుగు నిండిన గళ్లు, తరువాత కనీసం ఒక ఖాళీ, తరువాత వరుసగా అయిదు నిండిన గళ్లు అని అర్థం. పది గళ్ల వరుసలో అయితే 4, 1, 5 కలిపి సరిగ్గా పది. ఆలోచించాల్సిందే లేదు, నింపేయడమే. '8' అని ఉంటే? ఆ ఎనిమిది మొదటి గడిలోనో, రెండో గడిలోనో, మూడో గడిలోనో మొదలవ్వాలి. మూడు సందర్భాల్లోనూ మూడో గడి నుంచి ఎనిమిదో గడి వరకు నిండే ఉంటాయి. కాబట్టి ఎక్కడ మొదలైందో తెలియకుండానే ఆరు గళ్లు ఖాయం. తెలియనిది ఉండగానే తెలిసినదాన్ని విడదీయడం అంటే ఇదే. శాస్త్రీయ ఆలోచనకు ఇంతకంటే చిన్న నమూనా వెతికినా దొరకదు.

మారియోస్ పిక్రాస్‌లో ఒక్కో బొమ్మకు 30 నిమిషాల గడువు. తప్పు గడి నింపితే సమయం కోత పడుతుంది. మొదటి తప్పుకు 2 నిమిషాలు, రెండో తప్పుకు 4, ఆ తరువాత 8. ఊహించి కొట్టేవాడు తొందరగా ఓడిపోతాడు, తర్కించేవాడు నిదానంగా గెలుస్తాడు. టెట్రిస్‌లో నిదానం ఓటమి. పిక్రాస్‌లో అది పెట్టుబడి. అరగంట దాటితే ఆట ఎలాగూ ముగుస్తుంది. టెట్రిస్ మామూలు పద్ధతిలో ఓడిపోయేదాకా ముగియదు.

పిక్రాస్‌కు ఆసుపత్రి స్కానింగుతో చుట్టరికం ఉంది. సీటీ స్కాన్ శరీరంలోకి నేరుగా చూడదు. వేర్వేరు దిక్కుల నుంచి ఎక్స్-కిరణాలు పంపి, ఒక్కో గీత వెంబడి ఎంత కిరణం ఆగిందో కొలుస్తుంది. ఆ మొత్తాల నుంచి లోపలి చిత్రాన్ని లెక్కకట్టి గీస్తుంది. గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ 1971లో తీసిన మొదటి రోగి చిత్రం 80 అడ్డం, 80 నిలువు గళ్లది. అంటే గేమ్‌బాయ్ తెర కంటే కూడా చిన్నది. ఆ పనికి 1979లో ఆయనకూ అలన్ కార్మాక్‌కూ నోబెల్ బహుమతి వచ్చింది. పిక్రాస్ ఆడేవాడు చేసేది కూడా అంచుల దగ్గరి అంకెల నుంచి లోపలి బొమ్మను రాబట్టడమే. అంకెలున్నంత మాత్రాన బొమ్మ ఒకటే కావాలని లేదు. రెండు వరుసలు, రెండు నిలువుల పట్టిక గీసి నాలుగు చోట్లా '1' అని రాయండి. రెండు బొమ్మలు సాధ్యం, ఒక్కో మూలగీతకు ఒకటి. ఒకే కొలత, రెండు నిజాలు. స్కానర్లు ఎందుకు రెండు దిక్కులతో సరిపెట్టుకోవో ఈ నాలుగు గళ్లు చెప్పేస్తాయి. ఇక పట్టిక పెరిగేకొద్దీ సమస్య ఎంత కఠినమవుతుందంటే, అన్ని నోనోగ్రాములనూ వేగంగా విప్పగల పద్ధతి ఇప్పటివరకు ఎవరికీ దొరకలేదు. పది గళ్ల చదరంలో సాధ్యమయ్యే బొమ్మల సంఖ్య 1 పక్కన 30 సున్నాలు పెట్టిన దానికన్నా ఎక్కువ.

ఇప్పుడు మగ్గం దగ్గరికి వద్దాం. జకార్డ్ మగ్గం మీద పువ్వు నేయాలంటే ముందు ఆ పువ్వును గళ్ల కాగితం మీద వేస్తారు. నిలువు గీతలు పడుగు పోగులు, అడ్డు గీతలు పేకలు. ఒక్కో అడ్డు వరుసకు ఒక్కో అట్ట. నింపిన గడి ఉన్నచోట అట్టకు రంధ్రం. రంధ్రం ఉన్నచోట సూది లోపలికి దూరి, ఆ పడుగు పోగు పైకి లేస్తుంది. రంధ్రం లేనిచోట పోగు కిందే ఉండిపోతుంది. అట్టలు కొట్టేవాడు వరుసను చదివే తీరు చూడండి: మూడు లేపు, రెండు వదులు, అయిదు లేపు. ఇది అక్షరాలా పిక్రాస్ అంకెల భాష. జోసెఫ్ మేరీ జకార్డ్ 1804లో లియోన్‌లో చేసిన యంత్రం నుంచి ఛార్లెస్ బాబేజ్ రంధ్రాల అట్టల ఆలోచన తీసుకున్నాడన్నది కంప్యూటర్ చరిత్ర పుస్తకాల్లో మొదటి పేజీ. ఆ పేజీలో నేతగాడు మాత్రం కనిపించడు.

పోలిక ఇక్కడితో ఆగదు. గేమ్‌బాయ్ తెర మీది దృశ్యం 8 గళ్ల చదరపు పలకలతో కట్టినది. తెర నిండడానికి అలాంటివి 360 కావాలి. నేపథ్యంలో ఒకేసారి వాడగలిగేది 256 రకాలే. కాబట్టి అదే పలకను మళ్లీ మళ్లీ వేయక తప్పదు. ఒకే మేఘం పదిచోట్ల, ఒకే ఇటుక వందచోట్ల. చీరలో ఒక్క బుటాతో ఒళ్లంతా నింపినట్టే. మగ్గానికీ తన హద్దులున్నాయి. పేక పోగు ఎక్కువ దూరం పడుగుతో అల్లుకోకుండా తేలిపోతే గోటికి తగులుకుని తెగుతుంది, కాబట్టి నమూనా వేసేవాడు మధ్యలో ఒక ముడిగడి పెడతాడు. గేమ్‌బాయ్‌లోనూ ఒక గీత మీద పది కదిలే బొమ్మలకు మించితే మిగిలినవి మాయమవుతాయి. ఆటల రచయిత దానికి తగ్గట్టు గీస్తాడు. హద్దులోంచి అందం పుట్టించడం ఇద్దరి పనీ.

సూరత్‌కు వచ్చిన తెలుగు నేత కుటుంబాల్లో ఎక్కువమంది తెలంగాణ జిల్లాల వారు, కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు నుంచి. ఊళ్లో చేమగ్గం ఉన్నప్పుడు గళ్ల లెక్క నేసేవాడి తలలో ఉండేది. పోచంపల్లి చిటికి పనిలో ఇప్పటికీ ఉంది. గ్రాఫ్ కాగితం చూసి ఏ పోగుల్ని ఎక్కడ కట్టాలో లెక్కించాకే రంగు. సూరత్ మరమగ్గాల షెడ్లలో ఎక్కువగా తయారయ్యేది కోరా గుడ్డ. తెగిన పోగు కలపాలి, పేక కండె మార్చాలి, ఒక్కొక్కరు అనేక మగ్గాలు చూసుకోవాలి, షిఫ్టు 12 గంటలు. జకార్డ్ ఉన్నచోట కూడా నమూనా వేసేది కంప్యూటర్ ముందు కూర్చున్న మరొకరు. మగ్గం నడిపే మనిషి గళ్లను చూడడు. తాతకు తెలిసిన లెక్క తండ్రి చేతికి రాలేదు, మనవడికి అసలు అది లెక్క అనే తెలియదు. బడిలో గణితం కష్టమని కూర్చునే పిల్లవాడికి మీ ఇంటి పనే గణితం అని చెప్పేవాళ్లు లేరు. పోయింది నైపుణ్యం ఒక్కటే కాదు, ఆ నైపుణ్యానికి దక్కాల్సిన పేరు కూడా.

ఇంకో మూల ఆ లెక్క ఇంకా బతికే ఉంది. సంక్రాంతి నెలలో వాకిట్లో 'పదకొండు చుక్కలు, సందు చుక్క, ఆరు వరకు' అని ముగ్గు చెప్పుకునే ఆడవాళ్లు వాడేది కూడా అంకెలతో బొమ్మను పంపే భాషే. ఆ ఒక్క వాక్యం విని, చూడని ముగ్గు చట్రాన్ని పక్క వీధిలో దించేస్తారు. దాన్నీ ఎవరూ డేటా అనలేదు.

పిల్లల చేతిలో ఇప్పుడున్నది ఫోను. అందులోని ఉచిత ఆటల్లో చాలావాటికి ముగింపు ఉండదు. ప్రాణాలు అయిపోతే కాసేపు ఆగమంటాయి, లేదా ప్రకటన చూడమంటాయి, సాయంత్రం మళ్లీ రమ్మని గంట కొడతాయి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను పార్లమెంటు 2025 ఆగస్టులో చట్టం చేసి నిషేధించింది. అవసరమైన పనే. కానీ డబ్బు ఒక్కటే గీత అనుకుంటే పొరపాటు. ఆడేవాడి సమయాన్ని అమ్ముకోవడానికి కట్టిన ఆట, పని ముగించి వదిలేసే ఆట రెండూ చట్టం దృష్టిలో ఒకటే కావచ్చు. తల్లిదండ్రుల దృష్టిలో ఒకటి కాకూడదు. 'ఫోను పక్కన పెట్టు' అన్నది సలహా కాదు. దాని బదులు ఏం తీసుకోవాలో చెబితేనే సలహా.

పాత యంత్రం కొనమనడంలో అర్థం లేదు. పని చేసే గేమ్‌బాయ్ ఇప్పుడు సేకరణకర్తల వస్తువు. దొంగ ప్రతులు దించుకోమనడం అంతకన్నా తప్పు. నోనోగ్రామ్ పుట్టిందే కాగితం మీద కాబట్టి గళ్ల నోటుపుస్తకం, పెన్సిలు, రబ్బరు చాలు. సూరత్ నగరపాలక సంస్థ గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాలతో పాటు తెలుగు మాధ్యమంలోనూ ప్రాథమిక పాఠశాలలు నడుపుతోంది. దేశంలో ఇన్ని భాషల్లో బడులు నడిపే నగరాలు తక్కువ. సిటీలైట్ రోడ్డులో అదే సంస్థ కట్టిన సైన్స్ సెంటర్ ఉంది. బట్టల ఊరిలో ఉన్న ఆ కేంద్రంలో ఒక మూల పాత జకార్డ్ అట్టల దండ వేలాడదీసి, పక్కన అదే పువ్వుకు సంబంధించిన పిక్రాస్ పట్టిక పెడితే ఏ భాష పిల్లవాడికైనా వివరణ అక్కర్లేదు. తెలుగు బడిలో అయితే ఇంటి నుంచి ఒక బుటా గీసుకు రమ్మని, దాన్ని అంకెలుగా మార్చి పక్క బెంచీ వాడికి ఇమ్మనవచ్చు. వాడు ఆ అంకెల నుంచి పువ్వును రాబడతాడు. రెండు పువ్వులు వస్తే ఇంకా మంచిది, ఎందుకు వచ్చాయో అప్పుడు మాట్లాడుకోవచ్చు.

ఆటను పాఠం చేస్తే ఆట చచ్చిపోతుందన్న అభ్యంతరం ఉంది, అది బలమైనదే. మార్కులు వేసిన రోజున పిక్రాస్ కూడా ఇంకో హోంవర్కు అవుతుంది. కాబట్టి దీన్ని సిలబస్‌లో చేర్చాలని అడగడం లేదు. చివరి పీరియడ్‌లో, వాన పడి బయటికి వెళ్లలేని రోజున, షెడ్డు పక్క ఇంట్లో కరెంటు పోయినప్పుడు ఆడుకోవడానికి వదిలేయాలి. గీసిన పట్టికను తండ్రికి చూపిస్తే ఆయన ఒక్క నిమిషం పరీక్షగా చూసి, ఇక్కడ పోగు తేలిపోతుంది, మధ్యలో ఒక గడి కలుపు అనవచ్చు.